ట్రెడ్‌మిల్ పరుగు, కండరాల నొప్పులు, కీళ్ల నొప్పులు: బెంగళూరు తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఏ పెద్ద అపార్ట్‌మెంటుకు వెళ్లినా కింది అంతస్తులో ఒక అద్దాల గది, అందులో వరసగా ట్రెడ్‌మిల్లులు కనిపిస్తాయి. తెల్లవారుజామున వీధికుక్కలు, సాయంత్రం ట్రాఫిక్, సెప్టెంబరు, అక్టోబరుల్లో చెప్పాపెట్టకుండా దిగే వాన, గుంతలు పడ్డ ఫుట్‌పాత్‌లు. వీటన్నిటినీ తప్పించుకోవడానికి మనవాళ్లు ఆ గదిలోకి చేరతారు. రెండు మూడు వారాలు ఉత్సాహంగా గడుస్తాయి. తర్వాత ఒకరోజు మెట్లు దిగుతుంటే మోకాలు కలుక్కుమంటుంది. లేదా పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు వస్తుంది.

అప్పుడు చుట్టుపక్కల నుంచి రెండు తీర్పులు వినిపిస్తాయి. పెద్దవాళ్లేమో ‘ఆ మెషీను మోకాళ్లు అరగదీస్తుంది, మానెయ్’ అంటారు. జిమ్ములోని కుర్రాళ్లేమో ‘నొప్పి వస్తేనే పని జరిగినట్టు, ఇంకాస్త పరుగెత్తండి’ అంటారు. రెండూ తప్పే. సరదాగా పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనిపిస్తే, పరుగు జోలికే పోకుండా కూర్చునేవారిలో అది 10.2 శాతమని అనేక అధ్యయనాలను కలిపి చూసి 2017లో లెక్క తేల్చారు. పోటీ స్థాయిలో పరుగెత్తేవారిలో మాత్రం 13.3 శాతం. పరుగు కీళ్లకు శత్రువు కాదు, అతి శత్రువు.

ట్రెడ్‌మిల్ మీద వచ్చే నొప్పుల్లో ఎక్కువ భాగం మోతాదు లెక్క తప్పడం వల్ల వచ్చేవే. విచిత్రమేమిటంటే ఆ లెక్క సరిచేసుకోవడానికి ట్రెడ్‌మిల్‌ను మించిన సాధనం లేదు. రోడ్డు మీద వేగాన్ని అర కిలోమీటరు తగ్గించి అక్కడే నిలపడం ఎవరికీ చేతకాదు. ఇక్కడ ఒక మీట నొక్కితే చాలు. గుండె డాక్టర్లు టీఎంటీ (గుండె పనితీరు చూసే ట్రెడ్‌మిల్ టెస్ట్) పరీక్షకు ఈ యంత్రాన్ని ఎంచుకున్నదీ అందుకే. 1960లలో అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రూస్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఆ పరీక్షలో ప్రతి మూడు నిమిషాలకూ వేగం, బెల్టు ఏటవాలు లెక్క ప్రకారం పెరుగుతాయి. మన నొప్పి విషయంలోనూ అదే క్రమశిక్షణ కావాలి, కాకపోతే వెనక్కి దిగుతూ.

మొదటి మెట్టు: ఇంటి వైద్యం పనికిరాని నొప్పులు

వీటిలో ఏది కనిపించినా మిగతా వ్యాసం పక్కనపెట్టండి.

పరుగెత్తేటప్పుడు ఛాతీలో బరువుగా ఉండటం, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం, చల్లటి చెమటలు పట్టడం. దీన్ని ‘కండరం పట్టేసింది’ అనుకుని పడుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్లవద్దు.

మడమ వెనుక లేదా పిక్కలో ఫట్‌మని చప్పుడు వచ్చి, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోవడం. కీలు కొన్ని గంటల్లోనే ఉబ్బిపోవడం, కాలు కింద ఆనించలేకపోవడం, మోకాలు మధ్యలో ఇరుక్కుపోవడం లేదా ఉన్నట్టుండి జారిపోయినట్టు అనిపించడం. కీలు ఎర్రబడి, వేడిగా ఉండి, దానితోపాటు జ్వరం. నడుము నొప్పితోపాటు కాలు మొద్దుబారడం, మూత్రం మీద అదుపు తప్పడం. వీటన్నిటికీ అదే రోజు డాక్టరు చూడాలి.

ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొక్కితే నొప్పిగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ముఖ్యంగా ఈమధ్య సుదీర్ఘ విమాన ప్రయాణం చేసినవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అలవాటు లేకుండా విపరీతంగా పరుగెత్తిన తర్వాత మూత్రం కోలా రంగులోకి మారితే అది కండరాలు దెబ్బతిని మూత్రపిండాల మీద భారం పడుతున్న సూచన. ఆ రాత్రే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

రెండో మెట్టు: నొప్పి ఎక్కడిదో పోల్చుకోవడం

డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ‘ఎలాంటి నొప్పి?’ అని. సలుపుతోందా, పోటా, గుంజుతోందా, మంటా, పట్టేసినట్టుందా అని వేరు చేసి చెప్పుకోవడానికి మనకు మాటల కొరత లేదు. వాటిని వాడండి.

కండరం నొప్పి సాధారణంగా రెండు కాళ్లలోనూ ఉంటుంది. పరుగెత్తిన నాడు కాదు, మర్నాడో ఆ మర్నాడో బాగా తెలుస్తుంది. 24 నుంచి 72 గంటల మధ్య ముదిరి, తర్వాత దానంతటదే తగ్గుతుంది. నొక్కితే కండరమంతా పచ్చిగా ఉంటుంది, కాస్త నడిస్తే సర్దుకుంటుంది. ‘లాక్టిక్ ఆసిడ్ పేరుకుంది’ అని జిమ్ములో చెప్పే మాట నమ్మకండి. పరుగు ఆపిన గంటలోపే దాని స్థాయి మామూలుకు వచ్చేస్తుంది, రెండో రోజు నొప్పికి దానితో సంబంధం లేదు. అలవాటు లేని పనికి కండర పోగుల్లో పడిన సూక్ష్మమైన చీలికలు, వాటిని బాగుచేసుకోవడానికి శరీరం చేసే హడావిడే ఆ నొప్పి.

కీలు నొప్పి లోతుగా, ఎక్కువగా ఒకవైపే ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు, చాలాసేపు మోకాళ్లు మడిచి కూర్చుని లేచినప్పుడు బయటపడుతుంది. మోకాలు టకటకమని చప్పుడు చేయడం మాత్రం, నొప్పీ వాపూ లేకపోతే, పట్టించుకోవాల్సిన విషయం కాదు.

అన్నిటికంటే మోసకారి కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ నొప్పి, అంటే టెండన్ నొప్పి. పొద్దున లేవగానే బిగుసుకుని ఉంటుంది. పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకు మాయమవుతుంది. ‘పరుగెత్తితే తగ్గింది కాబట్టి పరుగే మందు’ అనుకుని ఇంకా పరుగెత్తుతాం. సాయంత్రానికో మర్నాటికో రెట్టింపై తిరిగొస్తుంది.

ఎముక నొప్పి సరిగ్గా దీనికి విరుద్ధం. పరుగు సాగేకొద్దీ పెరుగుతుంది. వేలి కొనతో చూపించగలిగేంత చిన్న చోట ఉంటుంది. ఒంటికాలి మీద గెంతితే సూదిలా గుచ్చుతుంది, ముదిరితే రాత్రి పడుకున్నప్పుడూ సలుపుతుంది. ఎముకలో సన్నని పగులు వచ్చి ఉండవచ్చు. ఇది మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి, ఎక్స్‌రే బాగుందని మళ్లీ బెల్టు ఎక్కేయకండి. డాక్టరును అడిగి ఎంఆర్ఐ అవసరమో కాదో తేల్చుకోండి.

ఇంకో మాట. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు కండరాల నొప్పులు తెచ్చిపెట్టవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్‌లు మడమ పట్టీని బలహీనపరచవచ్చు. థైరాయిడ్ తక్కువైనా ఒళ్లు నొప్పులే. పరుగు మొదలుపెట్టినప్పుడే ఏదైనా మందూ మొదలైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మందు మాత్రం సొంతంగా ఆపకండి.

మూడో మెట్టు: గత నెలలో ఏం మారిందో రాసుకోవడం

కాగితం, పెన్ను తీసుకోండి. గత నాలుగు వారాల్లో వారానికి ఎన్ని రోజులు, ఎన్ని నిమిషాలు, ఎంత వేగం, ఎంత ఏటవాలు, ఏ బూట్లు, ఎంత నిద్ర. యంత్రం చరిత్ర దాచకపోయినా చేతి గడియారమో ఫోనో చెబుతాయి.

బెంగళూరులో ఇది మరీ అవసరం. 2008 నుంచి దాదాపు ఏటా వేసవిలో జరుగుతున్న వరల్డ్ టెన్‌కే (10 కిలోమీటర్ల) పరుగుకు ఆఫీసులు జట్లు జట్లుగా పేర్లు ఇస్తాయి. ఫిబ్రవరిలో పేరిచ్చి మార్చిలో మేలుకునేవారు బోలెడుమంది. ఒక ఉదాహరణ చూడండి. వారానికి మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు, గంటకు 7 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే మనిషి వారానికి 7 కిలోమీటర్లు పోతాడు. అదే మనిషి ఆవేశంలో అయిదు రోజులు, రోజుకు 40 నిమిషాలు, 9 వేగంతో మొదలుపెడితే అది 30 కిలోమీటర్లు. పెంచినట్టు కనిపించేది కాస్త వేగం, కాస్త సేపు, రెండు రోజులు. కాళ్ల మీద పడింది నాలుగింతలు.

అసలు చిక్కు ఏమిటంటే ఊపిరి, గుండె ముందే సిద్ధమైపోతాయి. మూడు నాలుగు వారాల్లో ఆయాసం తగ్గుతుంది. కండరం దాని వెనకే వస్తుంది. పట్టీలకూ ఎముకలకూ మాత్రం నెలలు కావాలి. ‘ఇప్పుడు ఆయాసమే రావడం లేదు’ అని వేగం పెంచే ఆ రెండో నెలలోనే ఎక్కువమంది దెబ్బతింటారు.

నాలుగో మెట్టు: యంత్రాన్ని కూడా అనుమానించడం

అపార్ట్‌మెంటు ట్రెడ్‌మిల్ ఎవరి సొత్తూ కాదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. తెర మీద 8 అని చూపిస్తున్నా బెల్టు 9 వేగంతో తిరుగుతూ ఉండవచ్చు. సొంతంగా తేల్చుకోవచ్చు. యంత్రం ఆపి, బెల్టు అంచున సుద్దతో గీత గీసి, టేపుతో బెల్టు మొత్తం పొడవు కొలవండి. 3.2 మీటర్లు వచ్చిందనుకుందాం. మీరు బెల్టు మీద ఉండగా 8 వేగంలో పెట్టి, పక్కన ఇంకొకరిని నిలబెట్టి గీత 20 సార్లు తిరగడానికి పట్టే సమయం చూడమనండి. 20 చుట్లంటే 64 మీటర్లు. 29 సెకన్లు పడితే సెకనుకు 2.2 మీటర్లు, అంటే గంటకు దాదాపు 7.9 కిలోమీటర్లు. యంత్రం నిజమే చెబుతోంది. 25 సెకన్లే పడితే అది 9.2. మీ మోకాలికి కారణం దొరికినట్టే.

పాదం పడ్డ ప్రతిసారీ బెల్టు క్షణం పాటు ఆగినట్టు అనిపిస్తే కింద సిలికాన్ నూనె ఎండిపోయి ఉంటుంది, లేదా బెల్టు వదులై ఉంటుంది. ఆ చిన్న కుదుపు ప్రతి అడుగుకూ మోకాలికీ నడుముకూ చేరుతుంది. ఫోనులోని మట్టం చూసే యాప్ పెట్టి యంత్రం ఒకవైపు ఒరిగిందేమో కూడా చూడండి. ఒరిగితే ఎప్పుడూ ఒకే కాలికి నొప్పి వస్తుంది. మెయింటెనెన్స్ వాళ్లకు చెప్పి బాగుచేయించే వరకు పక్క యంత్రం వాడండి. అసోసియేషన్ సమావేశంలో స్విమ్మింగ్ పూల్ పలకల రంగు మీద గంట చర్చ జరుగుతుంది, దీనికి అయిదు నిమిషాలు అడగడంలో తప్పులేదు.

బూట్ల విషయం. పరుగు బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు పనిచేస్తాయి. జిమ్ములోనే వాడితే అడుగుభాగం అరగదు, కొత్తవాటిలా మెరుస్తూనే ఉంటాయి. లోపలి మెత్తదనం మాత్రం చచ్చిపోతుంది. కొత్తవి కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు మరో బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ధరకూ నొప్పికీ సంబంధం లేదు, కాలికి హాయిగా ఉన్నదే మంచి బూటు.

అయిదో మెట్టు: బెల్టు మీద నడవడి

రోడ్డు మీద అలసిపోతే తెలియకుండానే వేగం తగ్గిస్తాం. బెల్టు అలా తగ్గదు, మనల్ని లాక్కుపోతుంది. పైగా రోడ్డు మీద ప్రతి అడుగూ కొంచెం వేరు, ఇక్కడ ఒకే అడుగు వేల సార్లు. అందుకే చిన్న లోపం కూడా ఇక్కడ పెద్దదవుతుంది.

అన్నిటికంటే ముందు పక్క కడ్డీలు వదిలేయండి. కడ్డీ పట్టుకుని పరుగెత్తితే నడుము ముందుకు వంగి, భుజాలు బిగుసుకుపోతాయి. పట్టుకోకుండా ఉండలేకపోతే ఆ వేగం మీకు ఎక్కువని అర్థం. ముందు తెరకు మరీ దగ్గరగా పరుగెత్తకండి. తగులుతానేమోనన్న భయంతో అడుగు ముందుకు సాగకుండా పైకి ఎగురుతుంది. ఫోనులో సినిమా పెట్టుకుని కిందికి చూస్తే మెడ, గోడకున్న టీవీ వైపు పక్కకు చూస్తే నడుము మూల్యం చెల్లిస్తాయి.

తర్వాత అడుగుల లెక్క. మోకాలి నొప్పికి దీనికంటే చవకైన మందు నాకు తెలియదు. మామూలుగా పరుగెత్తుతూ ఒక నిమిషంలో ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టండి. 156 అనుకోండి. వేగం మార్చకుండా దాన్ని 5 శాతం పెంచి 164కు తీసుకెళ్లండి. అడుగు పొట్టిదవుతుంది, పాదం శరీరానికి మరీ ముందు కాకుండా దాదాపు కిందనే పడుతుంది. ఇలా 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీదా తుంటి మీదా పడే భారం గణనీయంగా తగ్గుతుందని 2011లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఫోనులో టిక్ టిక్‌మని తాళం వేసే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుంటే తాళానికి అడుగు కలపడం సులువు. అందరూ 180 అడుగులు వేయాలన్నది మాత్రం అపోహ. 1984 లాస్‌ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో పరుగువీరుల అడుగులు లెక్కపెట్టిన శిక్షకుడు జాక్ డేనియల్స్ మాట నుంచి అది పుట్టింది. వాళ్ల వేగం వేరు, మన వేగం వేరు.

ఏటవాలు 1 శాతం పెట్టాలని అందరూ అంటారు. బయటి గాలి నిరోధానికి సమానం కావడానికి పెట్టే ఆ లెక్క గంటకు 10 కిలోమీటర్లకు పైబడి పరుగెత్తేవారికే. మీది 7, 8 అయితే సున్నా కూడా తప్పు కాదు. ఎత్తు పెంచితే పాదం తాకిడి తగ్గి మోకాలికి కాస్త ఊరట, కానీ ఆ భారం పిక్కలకూ మడమ పట్టీకీ బదిలీ అవుతుంది. ఎక్కడ నొప్పి ఉందో చూసి ఎత్తు పెట్టాలి.

ఆరో మెట్టు: చోటును బట్టి చికిత్స

మోకాలి చిప్ప చుట్టూ, వెనుక. పరుగెత్తేవారిలో తరచుగా వచ్చేది ఇదే. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి సిల్క్‌బోర్డు మీదుగా ఇంటికి చేరేసరికి కంపెనీ బస్సులో గంటన్నర మోకాళ్లు మడిచి కూర్చుంటే లేచేటప్పుడు పట్టేస్తుంది కదా, అదే లక్షణం. పరుగు పూర్తిగా ఆపనక్కరలేదు. వేగం గంటకు ఒక కిలోమీటరు తగ్గించండి, ఏటవాలు 1 నుంచి 2 శాతం పెట్టండి, అడుగుల లెక్క పెంచండి, సమయం సగం చేయండి. అసలు మందు తొడ, పిరుదు కండరాల బలం. అది ఎనిమిదో మెట్టులో ఉంది. కొన్నాళ్లు లోతుగా గొంతుక్కూర్చోవడం, నేల మీద బాసీపట్టు వేసుకుని చాలాసేపు ఉండటం తగ్గించండి. బస్సులో నడవ పక్క సీటు దొరికితే కాలు చాపుకోండి.

మోకాలి బయటివైపు. కిలోమీటరో రెండో సాఫీగా సాగి, ప్రతిసారీ దాదాపు అదే చోట మంటలా మొదలైతే తుంటి నుంచి మోకాలి వరకు ఉండే పొడవాటి పొర ఒత్తుకుపోతోంది. నొప్పి మొదలయ్యే దూరానికి ముందే ఆపేయండి. ఆశ్చర్యంగా, దీనికి మరీ నెమ్మది పరుగు కంటే కాస్త చురుకైన, చిన్న చిన్న పరుగులు మేలు. తుంటి పక్క కండరాలకు వ్యాయామం కావాలి. బయటి తొడను రోలరుతో కసిగా రుద్దడం వల్ల ఒరిగేది పెద్దగా లేదు.

మోకాలి కింద ముందరి ఎముక లోపలి అంచు. కొత్తగా మొదలుపెట్టినవారి నొప్పి. ఒక చోట కాకుండా బెత్తెడు పొడవునా నొక్కితే నొప్పిగా ఉంటుంది. రెండు వారాలు పరుగుకు బదులు నడక లేదా సైకిల్. ఏటవాలు సున్నా. మడమలు లేపి దించే వ్యాయామం చేయండి. తగ్గాక రోజు విడిచి రోజు మాత్రమే పరుగు. నొప్పి కుంచించుకుపోయి ఒకే చుక్కలో నిలిస్తే రెండో మెట్టులో చెప్పిన ఎముక పగులును గుర్తుచేసుకోండి.

పిక్క, మడమ వెనుక పట్టీ. ఏటవాలు పెంచినవారికీ, మడమ ఎత్తు తక్కువున్న బూట్లకు మారినవారికీ వస్తుంది. ఏటవాలు వెంటనే సున్నాకు దించండి. 1998లో స్వీడన్ వైద్యుడు హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం ప్రకటించిన పద్ధతి నేటికీ పనిచేస్తోంది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు కాళ్లతో లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలి మీద నెమ్మదిగా మడమను మెట్టు కిందికి దించాలి. 15 సార్ల చొప్పున మూడు విడతలు, మోకాలు చాచి ఒకసారి, కొద్దిగా మడిచి మరోసారి, పొద్దునా సాయంత్రం, 12 వారాలు. కొంచెం నొప్పిగా ఉన్నా చేయవచ్చు. అయితే నొప్పి పట్టీ మధ్యలో కాకుండా మడమ ఎముకకు అతుక్కునే చోట ఉంటే మెట్టు కిందికి దించకూడదు, నేల మట్టం వరకే. ఈ తేడా తెలియక వీడియో చూసి చేసి ఎక్కువ చేసుకున్నవారు చాలామంది. పన్నెండు వారాలు పొడవుగా అనిపించవచ్చు, కానీ పట్టీకి అంతకంటే దగ్గరి దారి లేదు.

అరికాలు, మడమ కింద. పొద్దున మొదటి నాలుగడుగులు నరకం, తర్వాత కాస్త నయం. ఇంట్లో చెప్పులు లేకుండా గ్రానైటు, పాలరాతి నేల మీద తిరిగే మన అలవాటు దీన్ని మొండిగా మారుస్తుంది. ఇంట్లో వాడటానికి వేరే మెత్తటి చెప్పులు పెట్టుకోండి, పూజగది గడప దగ్గర విడిస్తే సరిపోతుంది. మంచం దిగకముందే కాలివేళ్లను చేత్తో వెనక్కి లాగి పదిసార్లు సాగదీయండి. తువ్వాలు చుట్టి వేళ్ల కింద పెట్టుకుని మడమలు లేపి దించే వ్యాయామం రోజు విడిచి రోజు చేయండి. ఇది నెలల తరబడి సాగే నొప్పి, ఓపిక పట్టండి.

నడుము, తుంటి ముందు భాగం. రోజంతా కుర్చీలో కూర్చుని నేరుగా బెల్టు ఎక్కేవారికి. ఎక్కేముందు అయిదు నిమిషాలు నడవండి, ఒక కాలు ముందుకు, ఒక మోకాలు నేలకు ఆనించి తుంటిని ముందుకు సాగదీయండి. ఎక్కువ ఏటవాలు వద్దు.

ఏడో మెట్టు: మొదటి రెండు రోజులు

ఐసు పెట్టాలా, కాపడమా అని ఇంట్లో వాదన జరుగుతుంది. దెబ్బ తగిలి వాచిన చోట మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు 10, 15 నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది. పాత పట్టేసిన నొప్పికి అమ్మమ్మల కాపడమే హాయి. రెండూ ఉపశమనానికే, రెండూ మానేలా చేసేవి కావు. 1978లో విశ్రాంతి, ఐసు సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ తానే తర్వాతి కాలంలో ఐసు మానుదలను ఆలస్యం చేయవచ్చని ఒప్పుకున్నారు. పూర్తి మంచం పట్టడం కంటే నొప్పి పెరగనంత మేరకు కదలడమే మేలు.

పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోవడం చాలా ప్రమాదకరమైన అలవాటు. కాలు చెప్పే మాట వినకుండా చెవులు మూసుకోవడమే కాదు, ఒంట్లో నీరు తగ్గిన వేళ ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి మూత్రపిండాలనూ కడుపునూ దెబ్బతీయవచ్చు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం, బీపీ ఉన్నవారు డాక్టరును అడగనిదే వేసుకోకూడదు. చిన్న నొప్పికి పైన రాసుకునే జెల్లు చాలు.

ఎనిమిదో మెట్టు: కాళ్లకు బలం

వారానికి రెండు రోజులు, 20 నిమిషాలు. యంత్రాలు అక్కరలేదు. గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలవడం, 30 సెకన్లతో మొదలుపెట్టి నిమిషం వరకు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం, కొన్ని వారాలకు ఒంటికాలితో. పక్కకు తిరిగి పడుకుని పైకాలు చాచి లేపడం, ఇది తుంటి పక్క కండరానికి. మెట్టు ఎక్కి నెమ్మదిగా దిగడం, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా అద్దంలో చూసుకుంటూ. మడమలు లేపడం, ఒంటికాలి మీద వరసగా 25 చేయగలిగే వరకు. వీటిని నొప్పి ఉన్నప్పుడు మొదలుపెట్టి, తగ్గగానే మానేయడం మన జాతీయ అలవాటు. తగ్గాకే వీటితో అసలు పని.

తొమ్మిదో మెట్టు: మళ్లీ బెల్టు ఎక్కడం

30 నిమిషాలు చురుగ్గా నడిచినా నొప్పి లేదు, ఒంటికాలి మీద పదిసార్లు గెంతినా నొప్పి లేదు. అప్పుడే మొదలు.

మొదట 5 నిమిషాలు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడక. తర్వాత 1 నిమిషం 7 వేగంతో పరుగు, 2 నిమిషాలు నడక, ఇలా ఎనిమిది సార్లు. చివర 5 నిమిషాలు నెమ్మది నడక. రోజు విడిచి రోజు. ఇలా కనీసం రెండుసార్లు సాఫీగా జరిగాక 2 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక. ఆ తర్వాత 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక. దాని తర్వాతే ఏకధాటిగా 20 నిమిషాలు. సమయం, వేగం, ఏటవాలు మూడింటిలో ఒక వారంలో ఒక్కటే పెంచండి. నా ఓటు ఎప్పుడూ ముందు సమయానికే, వేగం చివర.

నొప్పికి పదికి మార్కులు వేయండి. పరుగులో 3 వరకు ఉండి, మర్నాటి ఉదయానికి మామూలుకు వస్తే కొనసాగించవచ్చు. 3 దాటినా, కుంటినా, మర్నాడు లేవగానే నిన్నటికంటే ఎక్కువున్నా ఒక దశ వెనక్కి. మర్నాటి ఉదయమే అసలు తీర్పు, పరుగు నాటి ఉత్సాహం సాక్ష్యానికి పనికిరాదు.

ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఎక్కితే

మనవళ్లను చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు అపార్ట్‌మెంటులో తోచక ట్రెడ్‌మిల్ ఎక్కుతుంటారు. మోకాళ్ల అరుగుదల ఉన్నా నడక మంచిదే, గంటకు 3 కిలోమీటర్లతో, పది నిమిషాల చొప్పున రెండుసార్లు. వేగంగా తిరుగుతున్న బెల్టు మీదికి ఎక్కకూడదు, పక్క అంచుల మీద నిలబడి వేగం తక్కువ ఉండగా అడుగు పెట్టాలి. జారితే యంత్రాన్ని ఆపేసే ఎర్ర తాడు క్లిప్పు బట్టలకు పెట్టి తీరాలి. చీర కుచ్చిళ్లు, పంచె అంచు, చున్నీ బెల్టులో చిక్కుకునే ప్రమాదం ఉంది, ఉత్త కాళ్లతో, చెప్పులతో ఎక్కడం కూడా వద్దు. వీళ్లు కడ్డీ పట్టుకుంటే ఏమీ అనకండి. ఇందాక చెప్పిన నియమం పరుగెత్తేవారికి.

తిండి గురించి క్లుప్తంగా. పీజీ హాస్టల్లో నీళ్ల సాంబారు, తెల్లన్నంతో కండరం కోలుకోదు. గుడ్లు, పప్పు, పెరుగు, వేరుశనగలు, మాంసం తినేవారికి చేప. కర్ణాటకలో ఉన్నందుకు రాగిముద్ద అలవాటు చేసుకోండి, వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఏసీ ఆఫీసు నుంచి ఏసీ జిమ్ముకు తిరిగేవారికి ఎండ తగలదు. ఎముక నొప్పి పదేపదే వస్తే విటమిన్ డి పరీక్ష చేయించుకోవడం మంచిది. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదులోనే.

ఆరు వారాలు ఇవన్నీ చేసినా తగ్గకపోతే ఎముకల డాక్టరునో ఫిజియోథెరపిస్టునో కలవండి. ఎముకలు, కీళ్లకే ప్రత్యేకమైన ప్రభుత్వ సంస్థ కావాలంటే జయనగర్ దగ్గర సంజయ్ గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్స్ సంస్థ ఉంది. వెళ్లేటప్పుడు మూడో మెట్టులో రాసిన కాగితం, పాత బూట్లు, ఎవరితోనైనా వెనక నుంచి తీయించిన మీ పరుగు వీడియో తీసుకెళ్లండి. కేవలం వేడి కాంతి, కరెంటు పెట్టి పంపేసి, ఒక్క వ్యాయామం కూడా నేర్పని చోట డబ్బు పోసుకోకండి.

బెల్టు నుంచి రోడ్డుకు

వారంలో ఒక పరుగును మాత్రం బయటికి మార్చండి. ఆదివారం ఉదయం వాహనాలు రానివ్వని కబ్బన్ పార్కు దీనికి చక్కటి చోటు. అంత దూరం వెళ్లలేనివారికి కైకొండ్రహళ్లి, అగర చెరువుల చుట్టూ దారులున్నాయి. బయట మలుపులు, ఎత్తుపల్లాలు ఉంటాయి. బెల్టు ఎప్పుడూ నేర్పనిది దిగుడు. బెంగళూరు రోడ్లు చదునుగా ఉండవు, దిగేటప్పుడు తొడ ముందు కండరాలు బ్రేకు వేస్తూ ఉంటాయి, మర్నాడు అవే నొప్పి పెడతాయి. కాబట్టి మొదటి నెల దిగుడు వచ్చినచోట నడవండి, బయటి పరుగు దూరాన్ని మీ ట్రెడ్‌మిల్ దూరంలో సగానికి మించనివ్వకండి, ఆ మర్నాడు బెల్టు ఎక్కకండి.